జిప్ ఫైలుగా చేతికొచ్చిన సోర్స్ కోడ్‌ను ఐడీఈలోకి తెచ్చుకోవడం ఎలా?

పాత ప్రాజెక్టు ఒకటి జిప్ ఫైలుగా మీ చేతికొచ్చింది. ఉద్యోగం మారిన సహచరుడు వదిలి వెళ్లినది కావచ్చు, మూతపడిన హోస్టింగ్ సైటు నుంచి దింపుకున్నది కావచ్చు, ఏదో లైబ్రరీ విడుదల పేజీలో దొరికిన టార్ ఫైలు (జిప్ లాంటి మరో రకం మూట) కావచ్చు. చాలామంది దాన్ని విప్పి, వచ్చిన ఫోల్డరును నేరుగా ఎక్లిప్స్‌లోనో ఇంటెల్లిజే ఐడియాలోనో తెరుస్తారు. తెర నిండా ఎర్ర గీతలు ప్రత్యక్షమవుతాయి. వాటిలో కోడ్‌లో నిజంగా ఉన్న లోపాలు ఏవో, దిగుమతి సరిగా జరగక వచ్చినవి ఏవో విడదీయడం ఆ తర్వాత చాలా కష్టం.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఐడీఈ, అంటే ఎక్లిప్స్ వంటి కోడ్ రాసుకునే ప్రోగ్రాము, చివరికి వస్తుంది. ముందు ఆర్కైవును, అంటే ఆ జిప్ లేదా టార్ ఫైలును, పరిశీలించాలి. దానిలో ఉన్నది ఉన్నట్టుగా గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను ఉంచే పరికరం) భద్రపరచాలి. టెర్మినల్‌లో బిల్డ్ చేసి, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చి, చూడాలి. ఇవన్నీ అయ్యాక ఐడీఈలో తెరవడానికి పెద్దగా సమయం పట్టదు.

విప్పక ముందే చూడవలసినవి

ఆ ప్రాజెక్టు అసలు రిపాజిటరీ (చరిత్రతో సహా కోడ్ ఉండే చోటు) ఇంకా ఎక్కడైనా బతికి ఉందేమో మొదట వెతకండి. ఉంటే జిప్‌ను పక్కన పెట్టి రిపాజిటరీనే క్లోన్ చేసుకోండి. చరిత్రంతా ఉన్న ప్రతి దొరికేటప్పుడు చరిత్ర లేని ప్రతితో సరిపెట్టుకోవడం ఎందుకు? సైటు మూతపడినంత మాత్రాన ఆశ వదులుకోవలసిన పని లేదు. 2016లో మూతపడిన గూగుల్ కోడ్‌లోని ప్రాజెక్టులు గూగుల్ కోడ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఇన్‌రియా సంస్థ 2016లో ప్రజల ముందుకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ బహిరంగ సోర్స్ కోడ్‌ను చరిత్రతో సహా సేకరించి ఉంచుతోంది. ప్రాజెక్టు పాత చిరునామాతో అక్కడ వెతికితే ఫలితం ఉండవచ్చు.

ఆర్కైవే గతి అయితే దాని చెక్‌సమ్ (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు విలువ) తీసుకోండి. లినక్స్‌లో 'షా256సమ్', విండోస్ పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హ్యాష్' కమాండు ఈ పని చేస్తాయి. విడుదల పేజీలో విలువ ఇచ్చి ఉంటే పోల్చండి. ఇవ్వకపోయినా మీరు తీసిన విలువను రాసి పెట్టుకోండి, దానితో ముందు ముందు పని ఉంది. పేజీలో ఎండీ5 అనే పాత రకం చెక్‌సమ్ విలువ మాత్రమే ఉంటే అది దింపుకునేటప్పుడు ఫైలు పాడైందో లేదో చెప్పగలదు గానీ, ఎవరైనా కావాలని మార్చారేమో చెప్పలేదు. షా-1 అనే మరో పాత రకం సంగతీ అంతే. 2017లో పరిశోధకులు ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లను తయారుచేసి చూపించారు.

తర్వాత విప్పకుండానే లోపలి జాబితా చూడండి. టార్ ఫైలైతే 'టార్' కమాండుకు 'టీ', 'ఎఫ్' ఆప్షన్లు ఇవ్వండి. జిప్ అయితే 'అన్‌జిప్' కమాండుకు 'ఎల్' ఆప్షన్ ఇవ్వండి. 7-జిప్ వంటి ప్రోగ్రాములో తెరిచినా జాబితా కనిపిస్తుంది. ఆ జాబితాలో మూడు విషయాలు గమనించాలి. అన్నీ ఒకే పై ఫోల్డరు కింద ఉన్నాయా? లేకపోతే వందలాది ఫైళ్లు మీరున్న చోట చెల్లాచెదురుగా పడతాయి. రెండు చుక్కలతోనో, డిస్కు మూలం నుంచో మొదలయ్యే దారులు ఏవైనా ఉన్నాయా? అలాంటివి మీరు ఎంచుకున్న ఫోల్డరు దాటి బయట ఫైళ్లు రాయడానికి పెట్టినవి కావచ్చు. 2018లో 'జిప్ స్లిప్' అన్న పేరుతో వెల్లడైన లోపం ఇదే, ఎన్నో లైబ్రరీలు దీని బారిన పడ్డాయి. ఇక మూడోది, విప్పాక అయ్యే మొత్తం పరిమాణం నమ్మేలా ఉందా?

ఇంకొక చిన్న కిటుకు ఉంది, ఇది తెలిసినవాళ్లు తక్కువ. గిట్ సొంత 'ఆర్కైవ్' కమాండుతో ఒక కమిట్ (గిట్‌లో నమోదైన ఒక దశ) నుంచో ట్యాగ్ (దానికి పెట్టిన పేరు) నుంచో చేసిన ఫైలైతే, ఆ కమిట్ గుర్తింపు సంఖ్య ఆర్కైవు లోపలే దాగి ఉంటుంది. జిప్‌లో అది ఫైలు వ్యాఖ్యగా ఉంటుంది; 'అన్‌జిప్' కమాండుకు 'జెడ్' ఆప్షన్ ఇస్తే కనిపిస్తుంది. టార్ అయితే గిట్‌లోని 'గెట్-టార్-కమిట్-ఐడీ' చదివి చెబుతుంది. అసలు రిపాజిటరీ ఎప్పుడైనా దొరికితే మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఏ కమిటో ఆ సంఖ్య నిర్ధారిస్తుంది.

ఎక్కడ విప్పాలి

డ్రైవు మూలానికి దగ్గరగా, చిన్న పేరున్న ఫోల్డరులో విప్పండి. విండోస్‌లో మామూలుగా ఫైలు దారి 260 అక్షరాలు దాటకూడదు. జావా ప్యాకేజీల వంటి లోతైన ఫోల్డర్లు ఆ హద్దును తేలికగా దాటేస్తాయి. అప్పుడు కొన్ని ఫైళ్లు విప్పుకోవు. మధ్యలో వచ్చిన హెచ్చరికను చూడకుండా 'స్కిప్' నొక్కితే ఏ ఫైళ్లు రాలేదో తర్వాత తెలియదు. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్లలోనూ విప్పకండి. బిల్డ్ జరుగుతుండగా వేలకొద్దీ చిన్న ఫైళ్లు పుట్టి పోతుంటాయి, సింక్ ప్రోగ్రాము వాటిని పట్టుకుని కూర్చుంటే బిల్డ్ కారణం తెలియకుండా ఆగిపోతుంది.

కోడ్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పుట్టిందో అక్కడే విప్పడం అన్నిటికంటే మేలు. లినక్స్ ఫైలు పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలకు తేడా ఉంది. విండోస్, మ్యాక్ సాధారణంగా ఆ తేడాను లెక్కచేయవు. లినక్స్ కెర్నల్ సోర్స్‌లోనే అక్షరాల సైజులో తప్ప తేడా లేని ఫైలు పేర్లు ఉన్నాయి. దాన్ని విండోస్‌లో విప్పితే ఒక ఫైలు మీద మరొకటి పడుతుంది. విండోస్‌లోనే పని చేయవలసి వస్తే లినక్స్ సబ్‌సిస్టమ్ లోపల విప్పండి.

ఎగ్జిక్యూట్ అనుమతి కూడా దారిలో పోతుంటుంది. విండోస్‌లో చేసిన జిప్‌ను లినక్స్‌లో విప్పితే బిల్డ్ పరికరమైన గ్రేడిల్ వ్రాపర్ స్క్రిప్టు 'పర్మిషన్ డినైడ్' అంటుంది. 'సీహెచ్‌మోడ్'తో అనుమతి ఇస్తే చాలు. అది ఇచ్చాక 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని వస్తే, ఫైలులోని పంక్తుల చివర విండోస్ తరహా గుర్తులున్నాయన్నమాట. వాటిని లినక్స్ తరహాకు మార్చాలి, కానీ ఆ మార్పు ఇప్పుడే వద్దు. మొదటి కమిట్ అయ్యేదాకా ఏ ఫైలు లోపలా ఏమీ మార్చకండి.

ఏమి లేదో కూడా చూడండి

విప్పిన ఫోల్డరులో రీడ్‌మీ, లైసెన్స్, బిల్డ్ ఫైలు ఎక్కడున్నాయో చూడండి. బిల్డ్ ఫైలు పేరును బట్టి ప్రాజెక్టు స్వభావం తెలిసిపోతుంది. పామ్ ఫైలుంటే మావెన్, బిల్డ్ డాట్ గ్రేడిల్ ఉంటే గ్రేడిల్, ప్యాకేజ్ డాట్ జేసన్ ఉంటే నోడ్, సీమేక్‌లిస్ట్స్ ఉంటే సీమేక్. లైసెన్స్ ఫైలు లేకపోతే ఆ కోడ్‌ను చదివి నేర్చుకోవచ్చు గానీ, మీ ఉత్పత్తిలో కలిపే ముందు హక్కుదారును అడగాలి.

లేనివి కనిపెట్టడం ఇంకొంచెం కష్టం. గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసే సోర్స్ జిప్‌లో సబ్‌మాడ్యూళ్లు (ప్రాజెక్టు లోపల జోడించిన వేరే రిపాజిటరీలు) రావు, ఆ చోట ఖాళీ ఫోల్డరు మాత్రమే ఉంటుంది. పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టిన ప్రాజెక్టులో బొమ్మ ఉండాల్సిన చోట మూడు పంక్తుల పాఠ్యం దొరకవచ్చు. అది ఫైలు కాదు, ఫైలుకు చిరునామా. డాట్ గిట్‌మాడ్యూల్స్ అన్న ఫైలు ఉందా, ఖాళీ ఫోల్డర్లు ఏవి, అనుమానాస్పదంగా చిన్నవైన బొమ్మలూ లైబ్రరీలూ ఏవి అని ఒకసారి వెతికితే బిల్డ్ దగ్గర గంటల సమయం మిగులుతుంది.

ఉండకూడనివి కూడా ఉంటాయి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, సీమేక్ క్యాష్, ఆండ్రాయిడ్‌లోని లోకల్ ప్రాపర్టీస్ ఫైలు ఇలాంటివి. వీటిలో చాలావాటిలో పాత కంప్యూటర్‌లోని పూర్తి దారులు రాసి ఉంటాయి. పని చేసే ఫోల్డరులోంచి వీటిని తీసేయండి, మీ కంప్యూటర్ మీద మళ్లీ పుట్టించుకోవచ్చు. పాస్‌వర్డులు, తాళం ఫైళ్లు కనిపిస్తే వాటినీ పక్కకు తీయండి. గిట్ చరిత్రలోకి ఒకసారి వెళ్లిన రహస్యాన్ని బయటికి లాగడం పెద్ద పని. అసలు ఆర్కైవు ఫైలు మాత్రం అలాగే, చదవడానికి మాత్రమే వీలయ్యేలా వేరే చోట ఉండనివ్వండి.

మొదటి కమిట్

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది ఈ అడుగు దగ్గరే. ఒక్క అక్షరం కూడా మార్చక ముందు, విప్పిన కోడ్‌ను గిట్‌లో కమిట్ చేయండి. ఇది లేకపోతే రేపు మీరు చూసే ప్రతి పంక్తీ పాత రచయితదా, మీదా, ఐడీఈ తనంతట తాను మార్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఫోల్డరులో 'గిట్ ఇనిట్' చేయండి. ఫైళ్లు చేర్చే ముందు ఈ రిపాజిటరీ వరకు 'కోర్ డాట్ ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్' అమరికను 'ఫాల్స్' చేయండి. లేకపోతే విండోస్‌లో గిట్ పంక్తుల చివరి గుర్తులను తనకు నచ్చినట్టు మార్చవచ్చు. ఆ తర్వాత 'గిట్ యాడ్'కు 'ఫోర్స్' ఆప్షన్ జతచేసి అన్నీ చేర్చండి. ఫోర్స్ ఎందుకంటే, ఆర్కైవుతో పాటు వచ్చిన డాట్ గిట్‌ఇగ్నోర్ ఫైలు మీకు అవసరమైనవాటినే దాచేయవచ్చు. సీ భాషా ప్రాజెక్టుల విడుదల టార్‌లలో 'కాన్ఫిగర్' స్క్రిప్టు సిద్ధంగా ఉంటుంది, కానీ రచయితలు దాన్ని గిట్‌కు కనిపించకుండా పెట్టుకుంటారు. లైబ్రరీల జార్ ఫైళ్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఖాళీ ఫోల్డర్లను గిట్ నమోదు చేయదు కనుక, బిల్డ్‌కు అవి అవసరమైతే రీడ్‌మీలో రాసి పెట్టుకోండి. కమిట్ సందేశంలో ఆర్కైవు ఫైలు పేరు, ఎక్కడి నుంచి వచ్చింది, మీరు తీసిన షా-256 విలువ, పక్కకు తీసిన ఫైళ్ల పేర్లు రాయండి. 'అసలు ప్రతి' అని ఒక ట్యాగ్ కూడా పెట్టండి.

ఒకే ప్రాజెక్టుకు నాలుగైదు ఆర్కైవులు దొరకడం మామూలే: 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' వంటి పేర్లతో. చివరిదొక్కటే తీసుకుని మిగతావి పారేయకండి. వాటి నుంచి ప్రాజెక్టు చరిత్రను చాలావరకు తిరిగి నిర్మించవచ్చు. పేర్లను బట్టి వరుస నిర్ణయించవద్దు. ఒక్కో ఆర్కైవు లోపల అన్నిటికంటే చివర మారిన సోర్స్ ఫైలు తేదీ చూసి వరుస కట్టండి. అన్నిటికంటే పాతది విప్పి కమిట్ చేయండి. తర్వాత డాట్ గిట్ ఫోల్డరు తప్ప మిగతా అంతా తొలగించి, రెండోది విప్పి, తొలగిన ఫైళ్లతో సహా చేర్చి కమిట్ చేయండి. మిగతావీ ఇలాగే. కమిట్ కమాండుకు 'డేట్' ఆప్షన్‌తో ఆ పాత తేదీనే ఇవ్వవచ్చు. మధ్యలో పాత ఫైళ్లు తొలగించడం మరిచిపోకూడదు, లేకపోతే ఆ రోజు రచయిత తీసేసిన ఫైళ్లు మీ చరిత్రలో ఇంకా బతికే ఉంటాయి. ఇదంతా పూర్తయ్యాక ఏ రెండు ఆర్కైవుల మధ్య ఏమి మారిందో 'గిట్ డిఫ్' పంక్తి పంక్తిగా చూపిస్తుంది. ఒక లోపం ఏ దశలో పుట్టిందో 'గిట్ బైసెక్ట్'తో వెతకవచ్చు కూడా.

బహిరంగ ప్రాజెక్టు విడుదల టార్ అయితే, అదే సంచిక ట్యాగ్‌ను రిపాజిటరీ నుంచి తెచ్చి రెండింటినీ పోల్చండి. ఇది అతి జాగ్రత్త కాదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టిన, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్‌లోని దొంగదారి సంగతి గుర్తుందా? 5.6.0, 5.6.1 సంచికల టార్ ఫైళ్లలో ఉన్న ఒక బిల్డ్ స్క్రిప్టు గిట్ రిపాజిటరీలో లేదు, దాడిని క్రియాశీలం చేసింది అదే. కోడ్‌ను రిపాజిటరీలో మాత్రమే చదివినవాళ్లకు ఆ ముక్క కనిపించే అవకాశమే లేదు.

ఐడీఈ బయట బిల్డ్

నమ్మకం కుదరని కోడ్‌ను బిల్డ్ చేయడమంటే దాన్ని నడపడమే. గ్రేడిల్ స్క్రిప్టులు, మేక్ ఫైళ్లు, ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు దింపే పరికరం) ఇన్‌స్టాల్ సమయంలో నడిచే స్క్రిప్టులు మీ అధికారంతోనే మీ కంప్యూటర్‌లో పని చేస్తాయి. ఇంటర్వ్యూ పరీక్ష పేరుతో వచ్చే ప్రాజెక్టుల్లో హానికర కోడ్ పెట్టి పంపడం దాడి చేసేవాళ్లకు ఇప్పుడు బాగా అలవాటైన ఎత్తు. తెలియనివారి నుంచి వచ్చిన ఆర్కైవును వర్చువల్ మెషీన్‌లోనో, మీ సొంత ఫోల్డర్లు కనిపించని కంటెయినర్‌లోనో బిల్డ్ చేయండి.

బిల్డ్‌లో ఒక నియమం పాటించండి: కోడ్‌ను ఈ కాలానికి లాక్కురావద్దు, ముందు మీరే ఆ కాలానికి వెళ్లండి. ఫైళ్ల తేదీలు చూసి, అప్పుడు వాడుకలో ఉన్న కంపైలర్‌తో మొదలుపెట్టండి. జావా 8 రోజుల్లో రాసిన కోడ్‌కు జావా 8 ఇవ్వండి. అడాప్టియం వంటి చోట్ల పాత జేడీకేలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ కోడ్‌ను నేరుగా జావా 17తో నడిపితే 'జావాఎక్స్ ఎక్స్‌ఎంఎల్ బైండ్' ప్యాకేజీ లేదని వస్తుంది, ఎందుకంటే దాన్ని జావా 11లోనే తీసేశారు. పాత గ్రేడిల్ అయితే 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 61' అంటుంది. ఆ సంఖ్యలోంచి 44 తీసేస్తే జావా సంచిక వస్తుంది: 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17. మీ గ్రేడిల్‌కు ఆ జావా ఇంకా తెలియదని దాని అర్థం. వ్రాపర్ ప్రాపర్టీస్ ఫైలులో ఏ గ్రేడిల్ సంచిక రాసి ఉందో చూసి, దానికి సరిపడే జావా ఇవ్వండి. జావా 17 మీద గ్రేడిల్ నడవాలంటే కనీసం 7.3 ఉండాలి.

పాత మావెన్ ప్రాజెక్టులో డిపెండెన్సీలు (అది ఆధారపడే లైబ్రరీలు) దిగకుండా 501 అన్న సంఖ్య వస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ లైబ్రరీలు దొరికే మావెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి హెచ్‌టీటీపీ అభ్యర్థనలు ఆపేసింది. పామ్ ఫైలులోని చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌గా మార్చండి, లేదా కొత్త మావెన్ వాడండి. గ్రేడిల్ ఫైలులో అలాంటిదే అయిన జేసెంటర్ పేరు కనిపిస్తే అక్కడ మావెన్ సెంట్రల్ రాయండి, జేసెంటర్ మూసివేతను 2021లోనే ప్రకటించారు.

నోడ్ ప్రాజెక్టులో లాక్ ఫైలు (లైబ్రరీల కచ్చితమైన సంచికలు రాసి ఉన్నది) ఉంటే 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' కాకుండా 'ఎన్‌పీఎం సీఐ' వాడండి, ఆనాటి సంచికలే వస్తాయి. వెబ్‌ప్యాక్ 4 ఉన్న ప్రాజెక్టు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరుతో లోపం చూపితే నోడ్ 16కు దిగండి, 17తో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3తో దానికి పడదు. పైథాన్‌లో 'ప్రింట్' పక్కన కుండలీకరణాలు లేకపోతే అది పైథాన్ 2 కోడ్. దానికి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది కనుక కంటెయినర్‌లో నడపడం ఉత్తమం. డాట్ గిట్ ఫోల్డరు లేనందువల్ల సంచిక సంఖ్య తెలియక ఆగిపోయే బిల్డ్‌లు కూడా ఉంటాయి. పైథాన్ 'సెటప్‌టూల్స్ ఎస్‌సీఎం' వాడే ప్రాజెక్టుల్లో ఇది తరచూ జరుగుతుంది. సంచికను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా చెప్పే వీలుంది.

బిల్డ్ కోసం చేసిన ప్రతి మార్పునూ విడిగా, కారణం రాసి కమిట్ చేయండి.

ఇప్పుడు ఐడీఈలోకి

ఎక్లిప్స్ ఆర్కైవును నేరుగా తీసుకోగలదు. ఫైల్ మెనూలో ఇంపోర్ట్, అందులో జనరల్, అందులో 'ఎగ్జిస్టింగ్ ప్రాజెక్ట్స్ ఇన్‌టు వర్క్‌స్పేస్' ఎంచుకుంటే 'సెలెక్ట్ ఆర్కైవ్ ఫైల్' అన్న వీలు ఉంటుంది. మీరు ఇప్పటికే విప్పి కమిట్ చేశారు కనుక దాని పైనున్న 'సెలెక్ట్ రూట్ డైరెక్టరీ'నే వాడండి. జాబితా ఖాళీగా వస్తే ఫోల్డరులో డాట్ ప్రాజెక్ట్ ఫైలు లేదని అర్థం. మావెన్ లేదా గ్రేడిల్ పేరుతో ఉన్న ఇంపోర్ట్‌ను ఎంచుకోండి. ప్రాజెక్టు కనిపించినా ఎంచుకోనివ్వకపోతే అదే పేరుతో మరొకటి వర్క్‌స్పేస్‌లో ఉంది. జనరల్ కింద 'ఆర్కైవ్ ఫైల్' అని ఇంకొకటి కనిపిస్తుంది, అది ఫైళ్లను అప్పటికే ఉన్న ప్రాజెక్టులో పోస్తుంది తప్ప కొత్త ప్రాజెక్టు చేయదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు.

ఇంటెల్లిజేలో ఫోల్డరును కాక పామ్ ఫైలునో, బిల్డ్ డాట్ గ్రేడిల్‌నో ఎంచి 'ఓపెన్ యాజ్ ప్రాజెక్ట్' అనండి. పాత రచయిత డాట్ ఐడియా ఫోల్డరు అడ్డుపడుతుంటే తీసేయండి, అది మళ్లీ పుడుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకూ ఇదే వర్తిస్తుంది. అయితే గ్రేడిల్ ప్లగిన్‌ను పెంచమని అది అడిగితే ముందు వద్దనండి. వీఎస్ కోడ్‌లో ఫోల్డరు తెరవగానే ఈ రచయితలను నమ్ముతున్నారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను అలవాటుగా దాటేయకండి. నమ్మకం ఇవ్వని స్థితిలోనూ కోడ్ చదువుకోవచ్చు.

అక్షరాలు పాడై కనిపిస్తే ఫైలును సేవ్ చేయకుండా ఆగండి. పాత విండోస్ కోడ్‌లో విండోస్-1252 ఎన్‌కోడింగ్ ఉండవచ్చు, కొత్త పరికరాలు యూటీఎఫ్-8 అనుకుంటాయి. జావా 18 నుంచి అదే సహజ అమరిక. ఇంటెల్లిజేలో ఎన్‌కోడింగ్ మార్చినప్పుడు 'రీలోడ్', 'కన్వర్ట్' అని రెండు దారులు చూపిస్తుంది. రీలోడ్ ఫైలును వేరే విధంగా చదువుతుందంతే, కన్వర్ట్ ఫైలునే తిరగరాస్తుంది. మీకు కావలసింది రీలోడ్.

ఐడీఈ తన సూచీలు కట్టడం పూర్తయ్యాక పరీక్షలు నడపండి. టెర్మినల్‌లో ఎన్ని నెగ్గాయో ఇక్కడా అన్నే నెగ్గాలి. తేడా వస్తే ఐడీఈ వేరే జావాను ఎంచుకుందేమో మొదట చూడండి. చివరగా టెర్మినల్‌లో 'గిట్ స్టేటస్' నడపండి. ఐడీఈ సొంత ఫైళ్లు తప్ప మరేదైనా మారినట్టు చూపిస్తే, ఆ మార్పు ఎందుకు వచ్చిందో తెలిసేదాకా దాన్ని కమిట్ చేయకండి. ఏ జావా, ఏ గ్రేడిల్, ఏ నోడ్‌తో బిల్డ్ అయిందో రీడ్‌మీలో రాసి, ఆ ఒక్క ఫైలునూ కమిట్ చేసి పని మొదలుపెట్టండి.